ముక్కు మేస్త్రి రేకు మూత

ముక్కు మేస్త్రి సంగతి చెప్పాలంటే ముందు ఆయన ముక్కు సంగతి చెప్పాలి. ఏ ఇంటికి వెళ్లినా ఆయన కంటే అరక్షణం ముందు అదే గుమ్మం దాటేది మరి. గ్యాసు గీజర్లు బిగించడం, చెడిపోతే బాగుచెయ్యడం ఆయన పని. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. పిలిచినవాళ్లింటికి వెళ్లి సంచీ కింద పెట్టకుండానే గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని, బుస్సుమని ఒక్కసారి గాలి పీల్చేవాడు.

"వంటింట్లో స్టవ్వు గొట్టం. గోడవైపు. రెండో బిగింపు దగ్గర."

వెళ్లి చూస్తే సరిగ్గా అక్కడే కారుతూ ఉండేది. పదిసార్లలో ఏడుసార్లు. మిగిలిన మూడుసార్లూ తప్పు ఆ ఇంటివాళ్లదేనని తేల్చేవాడు.

ఒకసారి బస్సులో పోతూ పోతూ రెండు వీధుల అవతల లీకును పసిగట్టి, బస్సు ఆపించి, పరిగెత్తి ఒక కుటుంబాన్ని కాపాడానని టీకొట్టు దగ్గర చెప్పేవాడు. మొదట చెప్పినప్పుడు రెండు వీధులే. మరుసటి ఏడాదికి అయిదయ్యాయి. ఆ తర్వాత మధ్యలో ఒక నది వచ్చి చేరింది. కిందటేడు చెప్పినప్పుడు వాన కూడా కురుస్తోంది, ఎదురుగాలి కూడా వీస్తోంది. వినేవాళ్లు నవ్వుకుంటూ ఇంకో టీ చెప్పేవాళ్లు. ఒక్క భార్య మాత్రం ఎప్పుడు విన్నా ఒకే మాట అనేది.

"ఆ రోజు బస్సు ఆపింది మీకు వాంతి వచ్చిందని కదండీ?"

"ఆ వాంతి కూడా వాసన వల్లే వచ్చిందే," అనేవాడు ఆయన, కించిత్తు కూడా తొణక్కుండా.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. మేస్త్రి, భార్య, దొర. దొర అంటే కుక్క. పేరుకు కాపలా కుక్కే కాని, మధ్యాహ్నం పన్నెండు దాకా కళ్లు తెరవకపోవడం, తెరిచాక ఎవరైనా పళ్లెం తెచ్చి ముందు పెట్టేదాకా లేవకపోవడం చూసి ఆ పేరు పెట్టారు. వంటింటికీ స్నానాలగదికీ మధ్య ఒక ఇరుకు నడవ ఉంది. గీజరు ఆ నడవ గోడకే ఉంది. దాని కింద వెచ్చగా ఉంటుందని దొర గోనెపట్టా అక్కడే పరిచారు.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. వెనక సందులోంచి వీచే గాలి తిన్నగా గీజరు పొగగొట్టంలో దూరి, లోపల మంటను ఉఫ్‌మని ఊదేసేది. సరిగ్గా ఒంటినిండా సబ్బు రాసుకున్నప్పుడే. భార్య లోపల్నుంచి పెట్టే కేకకు దొర కూడా లేచి కూర్చునేది.

"ఊళ్లో అందరి గీజర్లూ బాగుచేస్తారు! మన ఇంట్లో మాత్రం నేను చన్నీళ్లు పోసుకుని చావాలి!"

ఆ మాట ఆయన్ని పొడిచింది. ఆ మధ్యాహ్నమే ఒక పెద్ద బిస్కట్ల డబ్బా ఖాళీ చేశాడు. బిస్కట్లు ఆయన కొన్ని, దొర కొన్ని తిన్నారు. డబ్బా మూతని గుండ్రంగా కత్తిరించి, మేకుతో మూడు కన్నాలు పొడిచి, నిచ్చెనేసుకుని వెనక గోడ ఎక్కి పొగగొట్టం మూతికి బిగించాడు. దిగి, చేతులు దులుపుకుని, "ఇక గాలి లోపలికి రాదు, పొగ బయటికి పోతుంది," అన్నాడు.

భార్య పైకి చూసింది. "పొగగొట్టానికి ఏదీ అడ్డం పెట్టకూడదని మీరేగా ఇంటింటికీ చెప్తారు?"

"మూడు కన్నాలున్నాయిగా. పొగేమన్నా ఏనుగా, పట్టకపోవడానికి?"

"అయినా..."

"ఇంటింటికీ ఎందుకు చెప్తానే? వాళ్లెవరికీ ఈ ముక్కు లేదు కనక. ఇక్కడ రవ్వంత తేడా వచ్చినా నాకు తెలీదా?"

ఆ ముక్కుతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో లేరు. 

మరునాడు పక్కింటి మిషనక్క పిట్టగోడ మీదుగా చూసింది. ఆవిడ బట్టలు కుడుతుంది. వీధి వీధంతా ఆవిడ కుట్టిన జాకెట్లే, ఆవిడ అతికిన చిరుగులే. ఎనభై దాటిన తల్లి, బొత్తాం అనే పిల్లి తప్ప ఆవిడకి ఇంకెవరూ లేరు. "అన్నయ్యా, మాకూ అలాంటిదొకటి పెట్టవా? మంట ఆరిపోయి అమ్మ వణికిపోతోంది," అంది. అన్నయ్యా అని పిలిస్తే మేస్త్రి కాదనలేడు. డబ్బా మూత తన ఇంటికి అయిపోయింది, అడుగు రేకు ఉండనే ఉంది. దానికీ మూడు కన్నాలు పొడిచి ఆవిడ గొట్టానికి బిగించి వచ్చాడు.

గాలి ఓడిపోయింది. గీజరు ఒక్కసారి కూడా ఆరలేదు. చలికి రెండిళ్లవాళ్లూ వెనక కిటికీల సందులు కాగితాలతో అతికించుకుని హాయిగా వేణ్ణీళ్లు పోసుకున్నారు. మేస్త్రి టీకొట్టు దగ్గర ఆ మూత గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పదో రోజుకి అది తుఫానును ఆపింది.

ఈలోగా ఇంట్లో ఏమేం జరిగాయో చెప్తాను. కిటికీ అద్దాలకి లోపలివైపు చెమట పట్టి ధారలుగా కారేది. గీజరు పైన గోడ మసిబారింది. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకి తిరిగి, నాలుక చాపినట్టు ఊగేది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఇంకొకరింట్లో కనపడినా మేస్త్రి గీజరు ఆపించి, తలుపులన్నీ తెరిపించి, ఆ ఇంటి యజమానిని చడామడా తిట్టి ఉండేవాడు. తన ఇంట్లో మూడూ కనపడ్డాయి. చెమట చూసి, "గదులు వెచ్చగా ఉన్నాయనడానికి గుర్తు," అన్నాడు. మసి చూసి, "నీ వేపుళ్ల మహిమ," అన్నాడు. పసుపు మంట చూసి గాలి పీల్చాడు. ఏ వాసనా రాలేదు. "బంగారంలా మండుతోంది," అన్నాడు.

భార్యకి రోజూ పొద్దున్నే తలనొప్పి. వాంతి వచ్చేట్టు ఉండేది. బజారుకి వెళ్లి కూరలు తెచ్చుకునేసరికి తగ్గిపోయేది.

"చిత్రంగా ఉందండీ. ఇంట్లో ఉంటే వస్తోంది, బయటికెళ్తే పోతోంది."

"అందులో చిత్రమేముందే? నా మొహం చూస్తే వస్తోంది, చూడకపోతే పోతోంది. నలభై ఏళ్లకి బయటపడింది నీ జబ్బు."

ఆవిడ నవ్వింది. నవ్వితే తల ఇంకా నొప్పి పుట్టి, రెండు చేతులతో పట్టుకుంది. అది చూసి ఆయన ఇంకా నవ్వాడు. తర్వాత రోజుల్లో ఆయన్ని కూర్చోనివ్వకుండా, నిలబడనివ్వకుండా చేసింది ఈ నవ్వే.

దొర కూడా మారింది. మధ్యాహ్నం పన్నెండుకి లేచేది రెండైనా లేవడంలేదు. లేచినా నాలుగు కాళ్లు నాలుగు వైపులకి పోయేవి. ఒకరోజు గోనెపట్టా పళ్లతో పట్టుకుని వీధి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, తలుపుకి ముక్కు ఆనించి పడుకుంది. మేస్త్రి పట్టాని మళ్లీ నడవలోకి విసిరాడు. "వెచ్చటి చోటు వదిలేసి గుమ్మంలో పడుకుంటావా? దొరవా, బిచ్చగాడివా?" అన్నాడు. అది ఆయన మొహంలోకి చూసి, పట్టా వెనకే వెళ్లింది. కుక్క కదా, మాట వింటుంది.

మూత పెట్టిన రెండు వారాలకి పక్కింటి బొత్తాం చచ్చిపోయింది. గీజరు పక్కన అలమర మీద, అది రోజూ పడుకునే చిన్న మెత్త మీదే, ముడుచుకుని ఉంది. మిషనక్క గుండె పగిలేట్టు ఏడ్చింది. దాన్ని పెరట్లో పూడ్చింది మేస్త్రే. గొయ్యి తవ్వుతూ, "ముసలిదైపోయింది అక్కా, దాని రోజులు నిండాయి," అన్నాడు. ఆవిడ ముక్కు చీదుకుంటూ, "దానికి నాలుగేళ్లే అన్నయ్యా," అంది. మేస్త్రి తాను చిన్నప్పుడు చూసిన పిల్లి గురించి ఒక కథ చెప్పాడు. అది రైలెక్కి తన యజమానిని వెతుక్కుంటూ మూడు ఊళ్లు తిరిగిందట, టిక్కెట్టు కూడా తీసుకుందట. ఆవిడ ఏడుపులోనే నవ్వింది. మంచి పని చేశాననుకుంటూ పారతో మట్టి కప్పాడు.

అప్పట్నుంచి దొర రోజూ లేవగానే పక్కింటికి వెళ్లడం మొదలుపెట్టింది. బొత్తాం ఉండే అలమర కింద కూర్చుని పైకి చూసేది. ఇంటికి వచ్చేటప్పుడు తూలుతూ వచ్చేది. మేస్త్రి అది చూశాడు. ముక్కు పనిచెయ్యని చోట బుర్రని పనిలోకి దించాడు. అసలు తప్పు అక్కడే జరిగింది.

"ఆవిడ దీనికి ఏదో పెడుతోందే," అన్నాడు భార్యతో.

"ఎవరు, మిషనక్కా? పెడితే బిస్కట్టు పెడుతుంది."

"పిల్లి పోయినప్పట్నుంచి ఆవిడ మనిషి మనిషిలా లేదు. తనది పోయింది, మనది ఉందని కడుపుమంట."

"నోరు కడుక్కోండి ముందు."

మరునాడు పొద్దున దొర నడవలోనే పడిపోయింది. పచ్చటి పసరు కక్కింది. లేపితే మెడ వాలిపోయింది. మేస్త్రి లుంగీ ఎగగట్టి వీధిలోకి వచ్చి పక్కింటి తలుపు దబదబా బాదాడు. మిషనక్క సూదిలో దారం ఎక్కిస్తూ ఉన్నట్టుంది, దారం పెదాల మధ్య పట్టుకునే తలుపు తీసింది.

"నీ పిల్లి పోతే నా కుక్క చావాలా? ఏం పెట్టావ్ దానికి?"

"ఏమిటన్నయ్యా ఆ మాటలు?"

"అన్నయ్యా గిన్నయ్యా అనకు! రోజూ నీ ఇంటికొస్తోంది, రోజూ తూలుతూ పోతోంది. మందు కలిపింది నువ్వు కాకపోతే ఇంకెవరు?"

వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మిషనక్క పెదాల మధ్య దారం జారి కింద పడింది. ఆవిడ మొహం వాచి, కళ్లు ఎర్రగా, నిద్రలోంచి లేచి వచ్చినట్టు ఉంది. తప్పు చేసినవాళ్ల మొహం ఇలాగే ఉంటుందని మేస్త్రి ఆ క్షణంలో నిర్ణయించేశాడు. ఆవిడ "మంచిది మేస్త్రీ," అని, తలుపు వేసి గడియ పెట్టుకుంది. వీధివైపు కిటికీ కూడా మూసేసింది. పద్దెనిమిదేళ్లలో ఆవిడ అన్నయ్యా అనకపోవడం అదే మొదలు.

భార్య ఆయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్లింది. పనిముట్లు పెట్టుకునే తోపుడుబండి ఖాళీ చేసి, దొరని దుప్పట్లో చుట్టి పడుకోబెట్టి, నాలుగు వీధుల అవతలున్న పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ తోసుకెళ్లారు. సగం దూరం పోయేసరికి దొర తల ఎత్తి గాలి పీల్చింది. "చూశావా, నేను అరిచిన అరుపుకి సగం విషం దిగిపోయింది," అన్నాడు మేస్త్రి.  భార్యకి కూడా చల్లగాలి తగిలి తలనొప్పి తగ్గుతోంది. అదేమిటా అని ఆలోచిస్తోంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, గట్టి చేతులు. దొర పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. అవి ఉండాల్సినదానికంటే ఎర్రగా ఉన్నాయి. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"విషం పెట్టారండీ," అన్నాడు మేస్త్రి. "ఎవరో కూడా నాకు తెలుసు."

"ఆగండి. ఇది ఎక్కడ పడుకుంటుంది?"

"నడవలో. గీజరు కింద."

"గ్యాసు గీజరా?"

"అవును. నేనే బిగించాను. నా పనే అది."

"బయటికి తీసుకొస్తే కాస్త తేరుకుందా?"

"తేరుకుందమ్మా," అంది భార్య.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "మీ ఒంట్లో ఎలా ఉంటోందమ్మా?"

"నాకేం, పొద్దున పూట తలనొప్పి. వాంతి వచ్చేట్టుంటుంది. బజారుకెళ్తే..." అని ఆవిడ ఆగిపోయింది. మెల్లగా మొగుడి వైపు చూసింది.

డాక్టరమ్మ అప్పటికే దొర మూతికి ఆక్సిజన్ గొట్టం పెడుతోంది. "ఆ గీజరు పొగ సరిగ్గా బయటికి పోవడంలేదు. కార్బన్ మోనాక్సైడ్. రక్తం పరీక్ష చేస్తేగాని గట్టిగా చెప్పలేను. కాని అప్పటిదాకా ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్లొద్దు. కుక్కలూ పిల్లులూ చిన్న ప్రాణాలు, మనకంటే ముందు వాటికి తగులుతుంది. మీరిద్దరూ కూడా ఇక్కణ్నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి."

"అబ్బే, అలాంటిదేమన్నా ఉంటే నాకు వాసన రాదా?" అన్నాడు మేస్త్రి. "ఊరంతా నన్నేమంటారో తెలుసా మీకు?"

"దానికి వాసన ఉండదు పెద్దాయనా. రంగూ ఉండదు. గ్యాసు కారితే వచ్చే వాసన వేరు, అది మనం పసిగట్టాలని కలిపింది. దీనికి ఎవరూ ఏమీ కలపలేదు. వాసన లేనిదాన్ని మీ ముక్కు ఎలా పట్టుకుంటుంది?"

ఆవిడ మామూలుగానే అడిగింది. తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. ఈ సంగతి మేస్త్రికి తెలియనిది కాదు. పని నేర్చుకున్న మొదటి వారంలోనే గురువు చెప్పాడు. తనూ ఇంటింటికీ చెప్పాడు. ఎన్నో కథలు చెప్పి చెప్పి, వాటిలో ముక్కుని పెంచి పెంచి, చివరికి తనే నమ్మేశాడు. చెమట పట్టిన అద్దం, మసి గోడ, పసుపు మంట, గుమ్మం దాకా ఈడ్చుకొచ్చిన గోనెపట్టా వరసగా కళ్లముందు నిలబడ్డాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దొర పాదం పట్టుకున్నాడు.

అప్పుడు ఆయనకి డబ్బా అడుగు రేకు గుర్తొచ్చింది.

గోడ గడియారంలో పదికి అయిదు నిమిషాలు తక్కువ. మిషనక్క తల్లి రోజూ పది గంటలకి స్నానానికి వెళ్తుంది. వెళ్తే అరగంట తక్కువ కాకుండా వేణ్ణీళ్ల కింద కూర్చుంటుంది. వీధివైపు కిటికీ తన తిట్ల వల్లే మూసి ఉంది.

"మిషనక్కకి ఫోన్ చెయ్యవే! చెయ్యి!"

భార్య చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఈసారి అటువైపు కట్ చేశారు. "మన నంబరు చూసి తియ్యడంలేదండీ," అంది భార్య. డాక్టరమ్మ అడ్రసు అడిగి ఫైరింజన్ వాళ్లకి ఫోన్ కలిపింది. మేస్త్రి అప్పటికే వీధిలో ఉన్నాడు.

అరవై నాలుగేళ్ల మనిషి, ఒక చెప్పు రెండో వీధిలో, ఇంకోటి మూడో వీధిలో వదిలేసి పరిగెత్తాడు. టీకొట్టు ముందు నుంచి పోతుంటే ఎవరో, "ఎక్కడ మేస్త్రీ లీకు? నది అవతలా?" అని అరిచారు. అందరూ నవ్వారు. ఆయన ఆగలేదు. నవ్వినవాళ్లలో నలుగురు వేడుక చూద్దామని వెనకే వచ్చారు.

మిషనక్క ఇంటి ముందు మిషను చప్పుడు లేదు. తలుపు మీద రెండు చేతులతో బాదాడు.

"అక్కా! గీజరు ఆపెయ్! తలుపు తియ్! బయటికి రండి!"

లోపల్నుంచి గొంతు, మెల్లగా, మత్తుగా వచ్చింది. "ఇంకేం మిగిలింది మేస్త్రీ? పొద్దున తిట్టింది చాల్లేదా?"

"గీజర్లోంచి విషం వస్తోంది! మీ అమ్మని బయటికి తీసుకురా!"

"అమ్మ ఇప్పుడే స్నానానికి వెళ్లింది. పొద్దున విషం నా చేతిలో ఉందన్నావ్. ఇప్పుడు గీజర్లో ఉందా? రేపు ఎక్కడుంటుంది?"

వెనక నిలబడ్డవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. "మేస్త్రీ, వాసన ఎంత దూరం నుంచి వచ్చిందేమిటి?"

వీధిలో పొద్దున తెరుచుకున్న తలుపులే మళ్లీ తెరుచుకున్నాయి. అదే మొహాలు. మేస్త్రి ఒకసారి వాళ్లందరినీ చూశాడు. భూమి రెండుగా చీలితే అందులోకి దూకేసేవాడే. చీలలేదు. తలుపుకి నుదురు ఆనించి, వీధి అవతలికి కూడా వినపడేట్టు అరిచాడు.

"వాసన రాలేదు! నా ముక్కుకేమీ తెలియలేదు అక్కా! దానికి వాసనే ఉండదు. నీ పొగగొట్టానికి మూత పెట్టింది నేను. నా ఇంటికీ నేనే పెట్టాను. నీ బొత్తాన్ని చంపింది నేనే! నా చేత్తో చంపి, నా చేత్తోనే పూడ్చాను. పొద్దున నిన్ను అన్నవన్నీ నన్ను నేను అనుకోవాల్సినవి. నువ్వు నన్ను క్షమించొద్దు. తలుపు తియ్, అంతే. అమ్మని తీసుకురా!"

వీధిలో ఎవరూ నవ్వలేదు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. పద్దెనిమిదేళ్లుగా ఆ మనిషి నోట 'నాకు తెలియలేదు' అన్న మాట మిషనక్క వినలేదు. అదే ఆవిడని లేపింది. గడియ తీసే శక్తి కూడా లేనట్టు రెండుమూడుసార్లు తడిమి తీసింది. తీసి, గుమ్మంలోనే కూలబడింది.

మేస్త్రి ఊపిరి బిగబట్టి లోపలికి పోయాడు. ముక్కు మూసుకోవాలనిపించింది కాని, అది ఇప్పుడు ఏ పనికీ రాదు. గీజరు కట్టేశాడు. వెనక కిటికీకి అతికించిన కాగితాలు చింపి రెక్కలు బార్లా తీశాడు. స్నానాలగది తలుపు భుజంతో నెట్టాడు. ముసలమ్మ పీట మీద గోడకి ఆనుకుని, చెంబు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. ఇందాక నవ్విన మనిషే దుప్పటి పట్టుకుని లోపలికొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆవిడని చుట్టి మోసుకొచ్చి వీధి అరుగు మీద పడుకోబెట్టారు. చల్లగాలి మొహాన కొట్టాక ముసలమ్మ ఒక కన్ను తెరిచి మేస్త్రిని చూసింది.

"సిగ్గులేని వెధవా, స్నానాలగదిలోకి వస్తావా?" అంది.

అంత తియ్యటి తిట్టు ఆయన జన్మలో తినలేదు. అక్కడే వీధి మధ్యలో కూర్చుని ఏడ్చాడు.

ఫైరింజన్ వాళ్లు వచ్చారు. చేతిలో పట్టేంత చిన్న పెట్టె పట్టుకుని ఇంట్లోకి అడుగుపెట్టగానే అది కీచుకీచుమని అరిచింది. అన్ని తలుపులూ తెరిచాక కూడా అరిచింది. వాళ్లలో పెద్దాయన వెనక గోడ ఎక్కి మూత ఊడదీసి తెచ్చాడు. మూడు కన్నాల్లో రెండు మసితో పూడుకుపోయి ఉన్నాయి. రేకు వెనక వైపు బిస్కట్ల కంపెనీ ముద్ర ఇంకా కనపడుతోంది.

"ఎవరండీ ఈ పని చేసింది?" అన్నాడాయన.

"నేనే," అన్నాడు మేస్త్రి.

"నువ్వు గీజర్ల మేస్త్రివి కదయ్యా!"

 

మిషనక్కనీ, తల్లినీ, మేస్త్రి భార్యనీ, మేస్త్రినీ ఆసుపత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. నలుగురూ బతికి బయటపడ్డారు. దొర కూడా బతికింది. వెనక కాలు ఒకటి కాస్త ఈడ్చి నడుస్తోంది. అది కూడా సర్దుకుంటుందని డాక్టరమ్మ అంది. గ్యాసు ఆఫీసువాళ్లు వచ్చి మేస్త్రి ఇంటి మూత కూడా ఊడదీసి, ఆయన పని కార్డు తీసుకెళ్లారు, మళ్లీ పరీక్ష రాస్తేగాని ఇవ్వమన్నారు.  భార్య ఒక్క తిట్టూ తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆయన అనుకున్నాడు. ఆవిడ పొద్దున్నే లేచి తల పట్టుకుని చూసుకునేది, ఇవాళ నొప్పి లేదని. ఆయన మంచం మీద నుంచి అది చూసి మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

పది రోజుల తర్వాత, ఆ విషాన్ని పసిగట్టి కూతపెట్టే పెట్టెలు రెండు కొని తెచ్చాడు. ఒకటి తన నడవలో బిగించాడు. రెండోది చేత్తో పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఇదివరకైతే నేరుగా లోపలికి పోయేవాడు. మిషనక్క మిషను మీద నుంచి తల ఎత్తి, "రా మేస్త్రీ," అంది. అన్నయ్యా అనలేదు.

పెట్టె ఎలా పనిచేస్తుందో చూపించాడు. మీట నొక్కితే కూత పెట్టింది. లోపల్నుంచి ముసలమ్మ, "ఎవరే ఆ అరిచేది? మేస్త్రేనా?" అంది. మిషనక్క పెదాలు కదిలాయి కాని, నవ్వు దాకా రాలేదు. బిగించడం అయ్యాక ఆవిడ అలమర వైపు చూస్తూ అడిగింది.

"బొత్తానికి నొప్పి తెలిసి ఉంటుందా?"

ఎంత కథైనా చెప్పగలడు ఆయన. పిల్లి కలలో ఏం చూసిందో, ఏ వెచ్చటి చోటికి వెళ్లిందో, వినేవాళ్లు కళ్లు తుడుచుకునేట్టు చెప్పగలడు. నోటిదాకా వచ్చింది కూడా.

"డాక్టరమ్మని అడిగాను," అన్నాడు. "నిద్రలోనే పోయి ఉంటుందంది. నిజమో, నా మొహం చూసి జాలిపడి అందో, నాకు తెలీదు."

మిషనక్క లేచి, అలమర మీద నుంచి చిన్న మెత్త తీసింది. ముక్కలు ముక్కలుగా మిగిలిన జాకెట్ల గుడ్డలతో కుట్టిన మెత్త అది. ఒక మూల పిల్లి వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి. చేత్తో దులపబోయి, దులపకుండానే ఇచ్చింది.

"దొరకి ఇవ్వు. గోనెపట్టా మీద దానికి కాలు నొప్పిగా ఉంటుంది. నీకు కాదు, దొరకి."

"దొరకే," అన్నాడాయన.

గోడవతలే ఇల్లు. పిట్టగోడ దాటితే రెండడుగులు. కాని పిట్టగోడ దాటే చనువు ఇప్పుడు లేదు. చెప్పులు కొనుక్కోవాల్సిన పని కూడా ఉందని వీధి చుట్టూ తిరిగి వెళ్లాడు. మెత్త చంకలో పెట్టుకుని పోతుంటే టీకొట్టు దగ్గర ఒకాయన, "ఏమిటి మేస్త్రీ అది?" అన్నాడు.

మేస్త్రి ఆగాడు. "మిషనక్క పిల్లి మెత్త. పొగగొట్టానికి మూత పెట్టి దాన్ని నేను చంపాను. నా కుక్కకీ అదే విషం తగిలితే నేరం ఆవిడ మీద వేశాను."

ఆ మనిషి టీ గ్లాసులోకి చూశాడు. మేస్త్రి ముందుకి నడిచాడు. చెప్పుల కొట్టువాడు అడిగాడు. కూరలమ్మే ఆవిడ అడిగింది. ఆ వీధి పొడుగునా మొత్తం ఏడుగురు అడిగారు. ఏడుగురికీ అవే మాటలు చెప్పాడు. ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కూడా ఆ కథ ఒక్క అంగుళం పెరగలేదు.